‘ఆడిషన్’ చూసి నిద్ర పట్టనివాళ్లకు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. జపాన్ సినిమా ‘ఆడిషన్’ గురించి ముందుగా ఏమీ తెలియకుండా, స్నేహితులు చెప్పారని రాత్రిపూట పెట్టుకుని చూశారు. మొదటి గంట నెమ్మదైన ప్రేమకథలా నడిచిందని, చివర్లో కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, ఇక తట్టుకోలేక ఆపేశానని రాశారు. రూమ్మేట్ మాత్రం నవ్వుతూ మొత్తం చూశాడట. రోజులు గడిచినా ఆ సూదులు, ఆ అమ్మాయి గొంతు మిమ్మల్ని వదలడం లేదు. ఇలాంటిదాన్ని గొప్ప సినిమా అని ఎందుకంటారు, ఇది ఆడవాళ్ల మీద ద్వేషంతో తీసిందా, మీరే మరీ సున్నితమా, మిగిలింది చూడాలా వద్దా అని అడిగారు.

ముందు మీ గురించి. మీలో లోపం ఏమీ లేదు. 2000లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ చిత్రోత్సవంలో ఈ సినిమా వేసినప్పుడు మధ్యలోనే లేచి వెళ్లిపోయినవాళ్ల సంఖ్య ఆ ఉత్సవంలో రికార్డు అని అప్పట్లో వార్తలొచ్చాయి. ఒకావిడ ఈ సినిమా దర్శకుడైన తకాషి మీకే అనే ఆయన ఎదుటికే వెళ్లి ‘నువ్వు దుర్మార్గుడివి’ అని మొహం మీదే అరిచింది. అక్కడికి వచ్చేది మామూలు ప్రేక్షకులు కారు, ఏడాదికోసారి సెలవు పెట్టుకుని మరీ ప్రపంచ సినిమాలు చూసేవాళ్లు. హారర్ సినిమాలు తీసిన జాన్ లాండిస్, రాబ్ జాంబీ లాంటి దర్శకులు కూడా దీన్ని చూడటం చాలా కష్టమైందని చెప్పారు. ఇంకో సంగతి, అదే రోటర్‌డామ్‌లో అంతర్జాతీయ సినీ విమర్శకుల సంఘం ఫిప్రెస్సీ తన బహుమతి ఈ సినిమాకే ఇచ్చింది. లేచి వెళ్లిపోయినవాళ్లూ, బహుమతి ఇచ్చినవాళ్లూ చూసింది ఒకటే సినిమా. మీ ఇంట్లో మీకూ మీ రూమ్మేట్‌కీ జరిగింది కూడా అదే.

ఫిల్మ్ సొసైటీలో విదేశీ సినిమాలు వేసి, అయ్యాక చర్చ నడిపించడం చాలా కాలంగా నా పని. ఈ సినిమాకు వచ్చినన్ని రకాల స్పందనలు నేను మరే సినిమాకూ చూడలేదు. అవి గమనిస్తూ వచ్చాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. జనం ఉలిక్కిపడేది సూదులకే అనుకుంటాం కానీ, అసలు దెబ్బ మొదటి గంటలోనే తగులుతుంది. అది తగిలినట్టు మనకు ఆ సమయంలో తెలియదు. చివరి అరగంటలో తెలుస్తుంది.

కథ మీకు తెలిసిందే అయినా, నేను ఎక్కడ ఆగుతున్నానో తెలియడానికి క్లుప్తంగా చెప్తాను. అయోయామా వీడియో నిర్మాణ సంస్థ నడుపుతుంటాడు. భార్య పోయి ఏడేళ్లు. టీనేజ్ కొడుకే ‘నాన్నా, మళ్లీ పెళ్లి చేసుకోరాదా’ అంటాడు. సినిమా నిర్మాత అయిన స్నేహితుడు యోషికావా ఒక ఉపాయం చెప్తాడు. లేని సినిమాకు నాయిక కావాలని ప్రకటన ఇద్దాం, అమ్మాయిలు వస్తారు, వాళ్లలోంచి నీకు నచ్చినామెను ఎంచుకో అని. అలా వచ్చిన దరఖాస్తుల్లో అసామి అనే అమ్మాయి రాసిన నాలుగు మాటలు అయోయామా మనసుకు పట్టేస్తాయి. చిన్నప్పటినుంచి బ్యాలే నేర్చుకుంది, దెబ్బ తగిలి మానేయాల్సి వచ్చింది, అది చావును ఒప్పుకోవడం లాంటిదని రాసింది. ఆమె గదిలో అడుగు పెట్టకముందే అతను నిర్ణయం తీసేసుకున్నాడు.

ఇప్పుడు ఆ ఆడిషన్ సీన్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఒక పెద్ద గది, ఒక చివర బల్ల వెనక ఇద్దరు మగవాళ్లు, మధ్యలో ఒంటరిగా ఒక కుర్చీ. ఒకరి తర్వాత ఒకరు అమ్మాయిలు వచ్చి కూర్చుంటారు. యోషికావా అడిగే ప్రశ్నల్లో కొన్ని తమాషాగా, కొన్ని మరీ హద్దు దాటి ఉంటాయి. ఒక్కొక్కరు ఒక్కో విద్య చూపిస్తారు. వెనక సంగీతం హుషారుగా ఉంటుంది, ఎడిటింగ్ చకచకా సాగుతుంది. హాల్లో అందరూ నవ్వుతారు. నేనూ మొదటిసారి నవ్వాను. ఆ నవ్వుతోనే దర్శకుడు మనల్ని తీసుకెళ్లి ఆ బల్ల వెనక మూడో కుర్చీలో కూర్చోబెట్టాడు. ఈమె బాగుంది, ఈమె వద్దు అని మనం కూడా మార్కులు వేస్తుంటాం. అక్కడికి వచ్చిన ప్రతి అమ్మాయినీ ఒక అబద్ధం చెప్పి రప్పించారన్న సంగతి ఆ హుషారులో మనకు గుర్తుండదు.

జపాన్‌లో పెద్దలు కుదిర్చే పెళ్లిచూపులు ఉన్నాయి, దాన్ని ‘ఒమియాయ్’ అంటారు. మన దగ్గర మాదిరే అక్కడా ఫోటోలు, వివరాలు చేతులు మారతాయి, మధ్యవర్తి ఉంటాడు. అయినా పెళ్లిచూపుల్లో కనీసం ఎందుకొచ్చామో ఇరుపక్షాలకీ తెలుసు. ఇక్కడ బల్లకు ఒకవైపువాళ్లకే తెలుసు. తెలుగు ప్రేక్షకుల్లో, ముఖ్యంగా పెళ్లిచూపుల్లో కూర్చుని వచ్చిన అమ్మాయిలు చాలామంది ఈ సీన్ దగ్గర నవ్వరు. చర్చలో ముందుగా చెయ్యెత్తేదీ వాళ్లే. మిగతావాళ్లు సూదుల గురించి మాట్లాడుతుంటే వాళ్లు ఈ కుర్చీ గురించి అడుగుతారు.

ఆ తర్వాత వచ్చే ఫోన్ సీన్. మీరు ఆపేసింది చివర్లో అయినా, భయం మొదలైంది ఇక్కడే అని నా నమ్మకం. తొందరపడకు, కొన్నాళ్లు ఫోన్ చెయ్యకు అని యోషికావా హెచ్చరిస్తాడు. అయోయామా ఆగలేకపోతాడు. ఇటు అసామి గది. సామాను దాదాపు లేదు. నేల మీద తల వంచుకుని కూర్చుని ఉంటుంది, జుట్టు మొహం మీద పడి ఉంటుంది. ముందు ఒక ఫోన్. వెనక గోడ వైపు పెద్ద గోనెసంచి ఒకటి మూట కట్టి ఉంటుంది. ఫోన్ మోగుతుంది. ఆమె కదలదు, మోగనిస్తుంది, పెదవి చివర ఒక నవ్వు. ఆ క్షణాన వెనకున్న మూట ఒక్కసారిగా ఎగిరిపడుతుంది, లోపల్నుంచి మనిషి గొంతు లాంటి శబ్దం. అంతే. మళ్లీ కథ యథాప్రకారం ప్రేమలో పడుతుంది, డిన్నర్లు, పలకరింపులు. ఏ వివరణా ఉండదు.

గమనించండి, ఆ సీన్లో రక్తం లేదు, కత్తి లేదు. కానీ అక్కడినుంచి ప్రేక్షకుడి స్థితి మారిపోతుంది. అయోయామాకు తెలియనిది మనకు తెలుసు, అయినా చెప్పడానికి లేదు. అతను ఆమె కోసం చూపించే ప్రతి ఆత్రమూ మన గుండెలో దడ పెంచుతుంది. రెండో పక్క యోషికావా తన పని తాను చేస్తుంటాడు. ఆమె దరఖాస్తులో రాసిన రికార్డు కంపెనీ మనిషి కనపడకుండా పోయి చాలా కాలమైందని కనుక్కుంటాడు. ఆమె పని చేశానని చెప్పిన బార్ మూతబడింది. దాని యజమానురాలు హత్యకు గురైంది. పోలీసులు శరీర భాగాలు కూర్చి చూస్తే మూడు వేళ్లు, ఒక చెవి, ఒక నాలుక ఎక్కువ వచ్చాయని పక్కవాడెవరో అయోయామాకు మామూలు కబురులా చెప్తాడు. ఆ లెక్క ఎవరిదో మనకు తర్వాత ఆ గోనెసంచి విప్పినప్పుడు తెలుస్తుంది. ఇంత జరుగుతున్నా అయోయామా వినడు. ఆమె గురించి తను రాసుకున్న కథ అతనికి అంత నచ్చింది.

ఇక చివరి అరగంట. దీన్ని గురించి ఒళ్లు గగుర్పొడిచేలా రాయడం నాకిష్టం లేదు, మీకూ అవసరం లేదు. కానీ మీ శరీరం ఎందుకలా స్పందించిందో చెప్పాలి. ఆమె ఇచ్చిన మందుతో అయోయామా కదలలేడు, నొప్పి మాత్రం పూర్తిగా తెలుస్తుంది. ఆమె అరవదు, కోప్పడదు. చిన్నపిల్లకు జడ వేస్తున్నంత ఓపిగ్గా, ‘కిరి కిరి కిరి’ అని కూనిరాగంలా అంటూ అతని ఒంట్లో సూదులు గుచ్చుకుంటూ పోతుంది. మామూలు హారర్ సినిమాలో హింస వచ్చినప్పుడు సంగీతం పెరుగుతుంది, మనిషి అరుస్తాడు, మన టెన్షన్ కూడా ఆ అరుపులతో బయటికి పోతుంది. ఇక్కడ ఆ దారి మూసేశారు. అందుకే చూసినవాళ్లలో ఎక్కువమంది ‘ఆ దృశ్యం’ అనకుండా ‘ఆ గొంతు’ అంటారు. మీరు కూడా అలాగే రాశారు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నా లాభం లేకపోయింది కదా, చెవులు తెరిచే ఉన్నాయి మరి.

సూదులు అంతగా బాధపెట్టడానికి ఇంకో కారణం ఉంది. ఈ సినిమా ప్రదర్శనల్లో జనం స్పృహ తప్పారన్న వార్తలు వచ్చాయి. దాన్ని అతిశయోక్తి అనుకోనక్కర్లేదు. సామాన్యంగా భయం వేస్తే గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, మనిషి పడిపోడు. రక్తం, గాయం, ఇంజెక్షన్ అంటే భయం ఉన్నవాళ్లలో మాత్రం మొదట పెరిగిన రక్తపోటు ఉన్నట్టుండి పడిపోతుంది. చెమట పడుతుంది, కడుపులో తిప్పుతుంది, చెవుల్లో గుయ్‌మంటుంది, కళ్ల ముందు చీకటి కమ్ముతుంది. రక్తం ఇవ్వడానికి వెళ్లి సూది చూసి పడిపోయేవాళ్లకు జరిగేదే ఇది. పిరికితనంతో దీనికి సంబంధం లేదు, జిమ్ముకెళ్లే పహిల్వాన్‌కైనా రావచ్చు. అలా అనిపించినప్పుడు చేతులు, తొడలు, పొట్ట కండరాలు పది పదిహేను సెకన్లు గట్టిగా బిగపట్టి, వదిలి, అరనిమిషం ఆగి మళ్లీ బిగపట్టాలి. మొహం వెచ్చబడినట్టు తెలుస్తుంది. దానితో రక్తపోటు నిలబడుతుంది. ఇంజెక్షన్ భయానికి మానసిక వైద్యులు నేర్పించే పద్ధతి ఇది. మా ప్రదర్శనకు ముందు నేను ఇది తప్పకుండా చెప్తాను. దాంతోపాటు, లేచి వెళ్లాలనిపిస్తే వెళ్లండి, ఎవరూ ఏమీ అనుకోరు అని కూడా చెప్తాను.

మీ రూమ్మేట్ నవ్వు సంగతి. ఆ నవ్వు విని అతనికి మనసు లేదనుకోకండి. హాల్లో ఈ భాగం వస్తున్నప్పుడు ఎప్పుడూ ఎవరో ఒకరు నవ్వుతారు. కొందరిది తట్టుకోలేక వచ్చే నవ్వు, చావింట్లో కూడా ఒకోసారి అలాంటి నవ్వు వస్తుంది. కొందరు హారర్ సినిమాలు చూసీ చూసీ మేకప్ ఎలా చేశారో, ట్రిక్ ఎక్కడుందో వెతుకుతుంటారు, వాళ్లకు అదొక ఆట. ఇంకొందరు పక్కవాళ్ల ముందు తగ్గకూడదని నవ్వుతారు, ముఖ్యంగా కుర్రాళ్లు గుంపుగా చూసేటప్పుడు. ఈ మూడింటిలో మీ స్నేహితుడిది ఏదో నేను చెప్పలేను. కానీ తర్వాత ఒంటరిగా ఉన్నప్పుడు అడిగి చూడండి. గుంపులో నవ్వినవాళ్లే ఆనక ఫోన్ చేసి ‘సార్, ఆ అమ్మాయి చిన్నప్పటి సీన్ నిజంగా జరిగిందా, అతని ఊహా’ అని నన్ను అడిగిన సందర్భాలున్నాయి.

ఆ ప్రశ్న దగ్గరే ఈ సినిమా చూసినవాళ్లు రెండు వర్గాలుగా విడిపోతారు. మీరు ఆపేసిన చోటు తర్వాత ఏమౌతుందో ఇక్కడ చెప్తున్నాను, వద్దనుకుంటే ఈ పేరా, తర్వాతి రెండు పేరాలు వదిలేయండి. హింస నడుస్తుండగా ఉన్నట్టుండి అయోయామా సముద్రపు ఒడ్డు హోటల్ గదిలో మెలకువ వచ్చి లేస్తాడు. అంతకుముందు వాళ్లిద్దరూ కలిసి గడిపిన రాత్రే అది. కాళ్లు రెండూ బాగానే ఉన్నాయి. పక్కన అసామి ప్రశాంతంగా ఉంది, పెళ్లికి ఒప్పుకుంటున్నానని చెప్తుంది. హాలంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకోవడం నాకు వినపడుతుంది, హమ్మయ్య, కల అని. కాసేపట్లో దర్శకుడు ఆ ఊరటను లాగేసుకుని మళ్లీ ఆ ఇంటి నేల మీద పడేస్తాడు. కొందరు ప్రేక్షకులకు నిజంగా కోపం వచ్చేది ఇక్కడే.

నన్నడిగితే, హోటల్ నిజమా, ఇల్లు నిజమా అన్నది తేల్చాల్సిన లెక్క కాదు. కానీ కల అన్న వాదనకు సినిమాలో బలమైన ఆధారాలు ఉన్నాయి. మందు కలిసిన విస్కీ తాగి పడిపోయినప్పుడు అతనికి కనిపించేవాటిలో అతను ఎన్నడూ చూడని చోట్లు, ఎన్నడూ వినని మాటలు ఉన్నాయి. ఇంకా ముఖ్యం, ఆ దర్శనంలో శృంగార దృశ్యం ఒకటి వస్తుంది. అందులో అసామి మొహం మారి అతని ఆఫీసు సెక్రటరీ మొహమౌతుంది, ఆ తర్వాత కొడుకు స్నేహితురాలి మొహమౌతుంది. సెక్రటరీ ఎవరో గుర్తుందా? సినిమా మొదట్లో ఒకట్రెండు సార్లు కనిపిస్తుంది. తనకు పెళ్లి కుదిరిందని చెప్పి అతని మొహంలోకి చూస్తుంది. అతను మర్యాదగా ఏదో అని పనిలో పడిపోతాడు. వాళ్లిద్దరి మధ్య ఎప్పుడో ఏదో జరిగిందని, అతను దాన్ని అక్కడితో వదిలేశాడని ఆ చూపులోనే తెలుస్తుంది. మొదటిసారి చూసినవాళ్లలో దాదాపు ఎవరూ దీన్ని పట్టుకోరు. అతనూ పట్టించుకోలేదు, మనమూ పట్టించుకోలేదు. మత్తులో మాత్రం ఆమె తిరిగొచ్చింది.

ఆడవాళ్ల మీద ద్వేషమా అని అడిగారు కదా, నా జవాబు ఈ సెక్రటరీతోనే మొదలవుతుంది. ఆడదాన్ని రాక్షసిగా చూపించి భయపెట్టే సినిమా అని కొందరి విమర్శ. మగవాడి అహంకారానికి ఆడది వేసిన శిక్ష అని ఇంకొందరి పొగడ్త. రెండూ సినిమాను సగమే చూస్తున్నాయని నా అభిప్రాయం. శిక్షే అయితే ఆ శిక్షకు తగ్గ నేరం అయోయామా చెయ్యలేదు. అతను భార్యను ప్రేమించినవాడు, కొడుకును బాగా చూసుకునేవాడు, ఒంటరివాడు. రియో ఇషిబాషి ఆ పాత్రను ఎంత సాదాగా చేశాడంటే అతని మీద మనకు ఇష్టం కలుగుతుంది. రాక్షసే అయితే అసామి బాల్యం చూపించాల్సిన పని లేదు. వీల్‌చైర్‌లో ఉండే సవతి తండ్రి ఆమె తొడల మీద వాతలు పెట్టాడు. ఆ మచ్చలను ఆమె హోటల్లో అయోయామాకు చూపించి, నన్నొక్కదాన్నే ప్రేమిస్తావా అని అడుగుతుంది. అతను సరే అంటాడు. ఆ సరే ఎంత తేలిగ్గా అన్నాడో చూడండి. చనిపోయిన భార్య ఫోటో ఇంట్లో ఉంది, కొడుకున్నాడు, ఆమె అడిగినంత అతను ఇవ్వలేడు. ఆమెకు ఆ మాట ప్రాణంతో సమానం, అతనికి ఆ రాత్రి గడవడానికి ఒక మాట. ఆఖరున మెట్ల కింద మెడ విరిగి పడి ఉన్న అసామి, ఫోన్ కోసం ఎదురుచూశానన్నట్టు మొదటి రోజుల్లో చెప్పిన మాటలే మళ్లీ అంటుంటే, అతను నేల మీదనుంచి ఆమె వైపే చూస్తుంటాడు. అంత జరిగాక కూడా మనకు ఆమె మీద జాలి కలగడం నాకు ఈ సినిమాలో అన్నిటికన్నా కష్టమైన విషయం. గొప్ప సినిమా అని నేననేది అందుకు. సూదుల కోసం అయితే అననే అనను, సూదులు ఎవరైనా గుచ్చగలరు.

దీని వెనక ఉన్నవాళ్ల గురించి రెండు మాటలు. మూలం ర్యూ మురాకామి 1997లో రాసిన నవల. సినిమాకు కథనం రాసింది దైసుకే తెంగన్, ఆయన ప్రసిద్ధ దర్శకుడు షోహెయ్ ఇమామురా కొడుకు. తకాషి మీకే అప్పటికి నేరుగా వీడియోలో విడుదలయ్యే సినిమాలు ఎడాపెడా తీస్తున్న మనిషి, ఏడాదికి నాలుగైదు సినిమాలు ఆయనకు మామూలు. 1998లో వచ్చిన ‘రింగ్’ ఆడటంతో దాని వెనకున్న ఒమెగా ప్రాజెక్ట్ సంస్థ మరో భయానక కథ కోసం చూస్తూ దీన్ని చేపట్టింది. అసామిగా వేసిన ఎయిహి షీనా అంతకుముందు మోడల్. సినిమా మొదట 1999 అక్టోబరులో కెనడాలోని వాంకూవర్ చిత్రోత్సవంలో వేశారు, జపాన్ థియేటర్లకు 2000 మార్చిలో వచ్చింది.

ఇప్పటి ప్రేక్షకులకు, అప్పటి ప్రేక్షకులకు ఒక పెద్ద తేడా ఉంది. రోటర్‌డామ్‌లో కూర్చున్నవాళ్లలో చాలామందికి ఇది ఎటు పోతుందో తెలియదు. తర్వాత బ్రిటన్‌లో టార్టన్ సంస్థ ‘ఏషియా ఎక్స్‌ట్రీమ్’ పేరుతో డీవీడీలు అమ్మడం మొదలయ్యాక, అసామి తోలు ఏప్రన్, నల్ల గ్లవ్స్, చేతిలో సూది ఉన్న బొమ్మే సినిమాకు గుర్తుగా మారిపోయింది. దాంతో ఇప్పటి కుర్రాళ్లు క్లిప్పు ముందు చూసి సినిమా తర్వాత చూస్తున్నారు. వాళ్ల స్పందన ‘గంటసేపు ఏమీ జరగలేదు, బోర్’. అన్నిటికన్నా విలువైన ఆ గంటను వాళ్లు ఫార్వర్డ్ చేస్తున్నారు. ఆ గంట లేకపోతే మిగిలేది వట్టి చిత్రహింస, దానికి నేను టికెట్ కొనను. మీరు ఏమీ తెలియకుండా చూశారు కాబట్టి బాధపడ్డారు. కానీ ఆ సినిమాను దర్శకుడు ఎలా చూడాలనుకున్నాడో అలా చూసిన కొద్దిమందిలో మీరొకరు.

ఇలాంటివి జపాన్‌లో ఇదొక్కటేనా అని కూడా చివర్లో అడిగారు. కాదు. కామం, హింస కలిసే చోట జపాన్ సినిమా చాలా కాలంగా పని చేస్తోంది, గొడవలూ పడుతోంది. 1976లో నగీసా ఓషిమా, అబే సాదా అనే స్త్రీ 1936లో తన ప్రియుణ్ని చంపిన నిజ ఘటన ఆధారంగా సినిమా తీశాడు. జపాన్ అశ్లీల చట్టం వల్ల తీసిన రీళ్లను ఫ్రాన్స్ పంపి డెవలప్ చేయించాల్సి వచ్చింది. స్క్రిప్టు, స్టిల్స్ కలిపి పుస్తకంగా వేసినందుకు ఆయన మీద కేసు నడిచింది, అప్పీలు కూడా పూర్తయి నిర్దోషిగా బయటపడేసరికి 1982 వచ్చింది. అది మీకిప్పుడు వద్దు. ‘ఆడిషన్’ లేవనెత్తిన విషయం మీద ఆసక్తి ఉండి, సూదులు మాత్రం వద్దనుకుంటే, షిన్యా త్సుకమోటో 2002లో తీసిన ‘ఎ స్నేక్ ఆఫ్ జూన్’ చూడొచ్చు. వానాకాలం, మొత్తం నీలిరంగులో, గంటా పావు నిడివి. ఫోన్‌లో జనానికి ధైర్యం చెప్పే ఉద్యోగం చేసే ఒక గృహిణిని ఒకడు ఫోటోలు తీసి బెదిరిస్తాడు. అది కూడా సుఖంగా చూసేది కాదు, బెదిరింపుతో మొదలై స్త్రీ తన శరీరాన్ని తను తెలుసుకోవడం దాకా పోతుంది. అది ఒప్పుకోలేని స్త్రీలు మా చర్చల్లో చాలామంది ఉన్నారు, వాళ్ల వాదనలో బలముంది. పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు మాత్రం వీటిలో ఏదీ పెట్టకండి.

మిగిలింది చూడాలా వద్దా? సినిమా పూర్తి చెయ్యడం పరీక్ష పాసవ్వడం కాదు. చిన్నప్పుడు ఇంట్లో హింస, లైంగిక వేధింపు అనుభవించినవాళ్లకు నేను ఈ సినిమా అస్సలు చెప్పను. ఆ సవతి తండ్రి సీన్లు సూదులకన్నా లోతుగా దిగుతాయి. పెంపుడు కుక్క చావు తట్టుకోలేనివాళ్లకూ ముందే చెప్తాను, ఆ ఇంటి కుక్కను సినిమా వదిలిపెట్టదు. మీ విషయంలో, నిద్ర పట్టకపోవడం తగ్గుతూ వస్తుంటే కంగారు లేదు. వారాలు గడిచినా అదే గుర్తొస్తూ, పనికి అడ్డం పడుతుంటే అది సినిమా చర్చతో తీరేది కాదు. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యండి, ఉచితం, తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు.

చూడాలనే అనిపిస్తే ఆపిన చోటినుంచి చూడకండి. పగటిపూట, మొదటినుంచి పెట్టండి. ఈసారి అసామిని వదిలేసి సెక్రటరీని, ఆ ఆడిషన్ గదిలో ఖాళీ కుర్చీని, అయోయామా ఎవరి మాట మధ్యలో తుంచేస్తున్నాడో గమనించండి. విస్కీ గ్లాసు చేతిలోకి తీసుకున్న దగ్గర సౌండ్ బాగా తగ్గించండి, సబ్‌టైటిల్స్‌తో సరిపోతుంది. ఆ గొంతు లేకపోతే ఆ సీన్ బలం సగానికి పడిపోతుంది, చూసే దూరం మీకు దొరుకుతుంది. అయ్యాక మీ రూమ్మేట్‌ను కూర్చోబెట్టి అడగండి, అతనికి ఆ సెక్రటరీ అసలు గుర్తుందా అని. అతనేమన్నాడో నాకు కూడా తెలియజెయ్యండి, తెలుసుకోవాలని ఉంది.